అత్తమ్మకు రెండుసార్లు చేసిన పరీక్ష

ఆ రెండేళ్లలో మా ఇంట్లో నేను భయపడని వస్తువు లేదు. పాల ప్యాకెట్లను సబ్బు నీళ్లతో కడిగాను. తలుపు గొళ్లేన్ని రోజుకు నాలుగుసార్లు తుడిచాను. మా ఆయన తెచ్చిన కూరగాయలన్నీ బాల్కనీలో ఒక పూట ఎండలో పడి ఉండాల్సిందే. మెంతికూర పొయ్యి దాకా రాకముందే వడియంలా ఎండిపోయేది. పాపకు అప్పుడు ఏడాదిన్నర. నేల మీద ఏది దొరికినా ముందు నోట్లో పెట్టుకుని, తర్వాత అదేమిటో చూసే వయసు. దాని వెనకాల తిరుగుతూ, దాని నోట్లో వేలు పెడుతూ నా రోజులు గడిచేవి.

మామయ్య నన్ను చూసి నవ్వేవారు. "కోడలా, కరోనా మన గల్లీ దాకా వస్తది గని, నిన్ను జూసి మర్లిపోతది" అనేవారు.

ఇన్నిటికీ భయపడుతూ నేను అత్తమ్మ పళ్లెం వైపు మాత్రం చూడలేదు.

మాది సూరత్‌లోని ఉధ్నాలో మూడో అంతస్తు, రెండు గదులు. ఆ అంతస్తులో సగం ఇళ్లు మన తెలంగాణ వాళ్లవే. మామయ్య ముప్పై ఏళ్లు మరమగ్గాల మీద పని చేసి, చెవులు సగం పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. మరమగ్గాన్ని మా వాళ్లు సాంచ అంటారు. మా ఆయన ఖటోదరాలో ఒక సాంచల కార్ఖానాలో మాస్టరు. అత్తమ్మ, పక్కింటి ఆడవాళ్లు వరండాలో వరసగా కూర్చుని, మూటల్లో వచ్చే చీరలకు వేలాడే దారాలు కత్తిరించేవాళ్లు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేచేవాళ్లు. ఒక్కోరోజు దానికీ లేవకుండా, చాయ్ తాగి కానిచ్చేవాళ్లు.

లాక్‌డౌన్‌లో మూటలు రావడం ఆగింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చాయి. ఆ మధ్యలో ఎప్పుడో అత్తమ్మ అన్నం మూడో వంతుకు పడిపోయింది. ఛాతీ కింద చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయేది. రోజుకు నాలుగైదు సార్లు బాత్‌రూమ్ వైపు వెళ్లేది. అడిగితే, "వయసు బిడ్డా, ఇంకేంది" అనేది. ఆమెకు అప్పుడు యాభై రెండు. ఆ వయసులో మా అమ్మ స్కూటీ నేర్చుకుంది.

దీపావళి అయ్యాక ఆసుపత్రులు మామూలు రోగుల్ని మళ్లీ చూడటం మొదలుపెట్టాయి. అప్పుడు తీసుకెళ్లాం. గొంతులోంచి గొట్టం వేసి చూసి, పేగు మొదట్లో పుండు ఉందన్నారు. పసుపుపచ్చ క్యాప్సూల్ రాసిచ్చారు, రోజుకొకటి, రెండు నెలలు. కొంచెం తగ్గింది. మందు కోర్సు అయిపోగానే మళ్లీ మొదలైంది. మళ్లీ గొట్టం, మళ్లీ పుండు, మళ్లీ అదే క్యాప్సూల్. ఈసారి డాక్టరు ముఖం కొంచెం మారింది.

తర్వాతి మాటలు వీడియో కాల్‌లో జరిగాయి. రెండో విడత కరోనా ఊరిని కమ్మేసింది, క్లినిక్‌కు రావద్దన్నారు. మా అత్తమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, మాస్కు పెట్టుకుని ఫోన్ ముందు కూర్చుంది.

"ఫోన్ల నుంచి రాదు అత్తమ్మా, మాస్కు తీయండి."

"నాకేం తెల్సు, నువ్వే అన్నవ్ గదా, బయటోల్లు కనబడితే తీయొద్దని."

డాక్టరు గుజరాతీ ఆయన, మాతో హిందీలో మాట్లాడేవారు. అత్తమ్మను మాసీ, అంటే పిన్నీ, అని పిలిచేవారు. మానిన పుండు మళ్లీ రావడం, పైగా ఈ విరేచనాలు, రెండూ కలిపి చూస్తే రక్తంలో గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ ఎంత ఉందో కొలవాలన్నారు. మనం తినగానే కడుపు గోడలోంచి అది రక్తంలోకి వస్తుంది. ఒళ్లంతా తిరిగి మళ్లీ ఆ కడుపు దగ్గరికే చేరి, యాసిడ్ తయారు చెయ్యమని చెబుతుంది. చాలా అరుదుగా కొందరికి క్లోమం దగ్గర చిన్న గడ్డ పుట్టి, తిన్నా తినకపోయినా అదే ఆ హార్మోన్‌ను కురిపిస్తూ ఉంటుంది. అప్పుడు యాసిడ్ ఆగదు, పుండు మానదు.

నేను బీఎస్సీ చదివాను, జువాలజీ. అందుకని ఆయన చెబుతున్నంతసేపు తల ఊపాను.

"పరీక్షకు ముందు పది రోజులు ఆ క్యాప్సూల్ ఆపాలి" అన్నారు ఆయన. "అది వేసుకుంటే లెక్క తప్పు వస్తుంది. మధ్యలో మంటకు వేరే మాత్ర రాస్తాను. ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"ఏమీ లేవు డాక్టర్ సాబ్" అన్నాను నేను. ఫైలు నా ఒళ్లోనే ఉంది. చీటీలన్నీ తేదీల వరసలో పెట్టినది నేనే. పక్కన అత్తమ్మ నోరు తెరిచినట్టు గుర్తు. నేను అప్పటికే జవాబు చెప్పేశాను కాబట్టి మూసుకుంది.

పది రోజులయ్యాక ల్యాబ్ నుంచి ఒకావిడ వచ్చింది. తెల్లటి సూటు, ముఖానికి ప్లాస్టిక్ తెర, చేతిలో ఐసు పెట్టె. అత్తమ్మ ముందు రాత్రి నుంచి ఏమీ తినలేదు. రక్తం తీసిన గొట్టాన్ని ఆవిడ వెంటనే ఐసులో గుచ్చింది. ఈ హార్మోన్ బయటికొస్తే నిలవదట, వేడికి విరిగిపోతుందట. ల్యాబ్‌లో తేట తీసి, గడ్డ కట్టించి, ముంబైకి పంపిస్తామంది.

"అవ్వో, నా రక్తం ఐస్‌క్రీము లెక్క పోతున్నది" అంది అత్తమ్మ. "నేను ఎన్నడు పోలే ముంబై."

ఐదో రోజు రిపోర్టు ఫోన్‌కు వచ్చింది. పై హద్దు వంద. మాది నాలుగు వందల పైచిలుకు.

దాన్ని నేను ఎన్నిసార్లు చూశానో చెప్పను. ఫోన్‌లో వెతకొద్దని మా ఆయన దగ్గర ప్రమాణం చేసి, స్నానాలగదిలోకి వెళ్లి వెతికాను. గడ్డ అని ఒకచోట, క్యాన్సర్ కావచ్చని ఇంకోచోట, కాలేయానికి పాకుతుందని మరోచోట. చదివిన ప్రతి లక్షణమూ అత్తమ్మకు ఉంది. కొన్ని నాకూ ఉన్నాయి.

డాక్టరు, "క్యాప్సూల్ కచ్చితంగా ఆపారు కదా?" అని మళ్లీ అడిగారు.

"నా కళ్ల ముందే ఆపారు డాక్టర్ సాబ్. స్ట్రిప్పు నా బీరువాలో ఉంది."

అయితే స్కాన్ తీయాలన్నారు. చేతి నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్, పెద్ద ఆసుపత్రిలో. ఆ రోజుల్లో పెద్ద ఆసుపత్రి అంటే ఏమిటో సూరత్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అంబులెన్సు మోత వినపడని గంట లేదు. మా కింది అంతస్తు పెద్దాయన షుగరు చూపించుకోడానికి వెళ్లి జ్వరంతో తిరిగొచ్చారు. స్కాన్‌కు తీసుకెళ్తే అక్కడ ఏది అంటుకుంటుందో అని భయం, తీసుకెళ్లకపోతే లోపల గడ్డ పెరుగుతుందేమో అని భయం. పన్నెండు రోజుల తర్వాతికి టైము ఇచ్చారు. ఏ పండక్కో ఊరెళ్లడానికి రోజులు లెక్కపెట్టినట్టు నేను అవి లెక్కపెట్టాను, ఉల్టాగా.

అత్తమ్మకు గడ్డ మాట మేం చెప్పలేదు. ఆమె మమ్మల్ని అడగనూ లేదు. ఒకరోజు పప్పు తాలింపు వేస్తూ వేస్తూ, "ఇంగువ డబ్బా గా పైఅరల, బియ్యం డబ్బా ఎనకాల ఉంటది. నీకు ఎన్నడు దొర్కది" అంది. మరునాడు నల్లా నీళ్లు వచ్చే టైము చెప్పింది. ఆ మరునాడు మామయ్యకు ఏ సైజు బనియనో చెప్పింది. నేను అన్నిటికీ సరే సరే అన్నాను.

స్కాన్‌కు ఇంకా వారం ఉంది. పొద్దున పదింటికి అత్తమ్మ వరండాలో దారాలు కత్తిరిస్తోంది. పాప ఆమె ఒళ్లో. నాయనమ్మ కొంగు ముడిలో ఎప్పుడూ ఏదో ఒక చాక్లెట్ ఉంటుందని దానికి తెలుసు. నేను లోపల కుక్కర్ మూత పెడుతున్నాను. పాప గునగున నడిచి వచ్చి, నా చీర పట్టుకుని, నవ్వింది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. అరచేతిలో, తడిసి అతుక్కుపోయిన ఎర్ర క్యాప్సూల్.

నేను అరిచిన అరుపుకు రెండిళ్ల అవతల కుక్క మొరిగింది.

దాని నోట్లో వేలు పెట్టాను. ఏమీ లేదు. తలకిందులుగా పట్టుకున్నాను. అది ఆటనుకుని కిలకిలా నవ్వింది. అదే పట్టున వరండాలోకి పరిగెత్తాను.

"అత్తమ్మా! ఇదేంది?"

"పిల్లను సక్కగ పట్కోయే ముందు! ఏది? గదా... గ్యాస్ గోలీ."

"ముడిల ఎన్నున్నయి?"

"రెండుండె. ఇయ్యాల్టిది పొద్దుగాల్నే ఏస్కున్న. గివి రేపటిది, ఎల్లుండిది."

పాప రెండో పిడికిలి విప్పితే ఎల్లుండిది అందులో ఉంది, చెక్కు చెదరకుండా. చప్పరించింది రేపటిదాన్ని మాత్రమే. దాని రంగు తప్ప ఇంకేదీ లోపలికి పోలేదు. రెండు క్యాప్సూళ్లూ లాక్కున్నాక ఆమె చెప్పిన మాట నా బుర్రలోకి దిగింది.

"ఇయ్యాల్టిది ఏస్కున్నరా? డాక్టర్ ఆపమన్నడు గదా!"

"ఆపిన గదనే! పసుపుపచ్చది ఆపిన. నీ ముంగటనే ఆపితిని. స్ట్రిప్పు గుంజుకపోయి బీరువల పెట్టుకుంటివి గదా."

"మరి ఇది?"

"గిది డాక్టర్ ఇచ్చిందా? ఇది మందెట్ల అయితది? గ్యాస్ గోలీ."

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లందరూ తలలు ఊపారు. గ్యాస్ గోలీ మందెట్ల అయితది అన్నట్టు నన్నే వింతగా చూశారు.

"ఎప్పటిసంది ఏస్కుంటున్నరు?"

అత్తమ్మ కత్తెర ఆపి ఆలోచించింది. "నీ మొగడు పదో తరగతి ఫేలయిన ఏడాదిసంది."

మా ఆయన పదో తరగతి ఫెయిలైన సంగతి కూడా నాకు ఆ రోజే తెలిసింది.

అప్పుడు ఒక్కొక్కటిగా బయటికి వచ్చింది. వరండాలో చీరల మూటల వెనక ఒక బిస్కట్ల రేకు డబ్బా ఉంటుంది. నేను అందులో సూదులుంటాయనుకునేదాన్ని. అది ఆ అంతస్తు ఆడవాళ్లందరి గోలీల డబ్బా. ఎవరికి దొరికింది వాళ్లు అందులో వేస్తారు, ఎవరికి అవసరమైంది వాళ్లు తీసుకుంటారు. దానికి పెత్తనం మా అత్తమ్మది. ఎవరూ పేర్లు చదవరు, రంగులే. ఎర్రది గ్యాసుకు, నీలంది మోకాళ్లకు, తెల్లది తలకాయకు. అయిపోతే ఖాళీ స్ట్రిప్పు ముక్క చూపిస్తే షాపువాడు అదే రంగుది ఇస్తాడు. పొద్దంతా కింద కూర్చుని, తిండి తప్పించి, చాయ్ మీద బతికే ఆ ఆడవాళ్లందరికీ కడుపులో మంటే. అందరూ పొద్దున నల్లా నీళ్లు పట్టుకునేటప్పుడు, పళ్లు తోముకున్నంత మామూలుగా ఎర్రది ఒకటి వేసుకుంటారు. ఆ వేళకు నేను పాపతో పడుకుని ఉంటాను.

డాక్టరుకు ఫోన్ చేసి, ఎర్ర క్యాప్సూల్ స్ట్రిప్పు వెనకాల పేరు చదివి వినిపించాను. అవతల ఆయన దగ్గారు. అది దగ్గు కాదని నాకు తెలుస్తూనే ఉంది.

"రంగు వేరు, కంపెనీ వేరు. పని మాత్రం నేనిచ్చినదాని పనే" అన్నారు. "అది యాసిడ్‌ను ఆపేస్తుంది. యాసిడ్ తగ్గింది కదా అని శరీరం ఆ హార్మోన్‌ను ఇంకా ఇంకా వదులుతుంది. మనం కొలిచింది మాసీ రోగాన్నో, మాసీ గోలీనో ఇప్పుడు చెప్పలేం. స్కాన్ ఆపండి. మళ్లీ కొలుద్దాం."

ఈ మాటలు నేను తెలుగులో అత్తమ్మకు చెప్పబోయాను. హార్మోన్, కణాలు, సంకేతం అంటూ మొదలుపెట్టాను. ఆమె పాప పిలకకు రిబ్బన్ కడుతూ, సినిమా చూస్తున్నట్టు నన్ను చూసింది. ఇక లాభం లేదని మామయ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"ఏమే, సాంచ ఆగితె సేటు ఏం జేస్తడు?"

"ఒర్రుతడు, గట్టిగ మొత్తుకుంటడు."

"ఎంత సేపు ఆగితె అంత ఒర్రుతడా, లేదా?"

"ఒర్రుతడు. నువ్వు చాయ్‌కి పోతె గుడ ఒర్రుతుండె."

"ఆఁ. నీ కడుపుల సేటు ఒకడున్నడు. యాసిడ్ తియ్యిరి, యాసిడ్ తియ్యిరి అని ఒర్రుడే ఆయన పని. నువ్వేం జేసినవ్, గోలీ ఏస్కోని రోజు సాంచ బంద్ పెడ్తివి. వాడు ఒర్రి ఒర్రి సస్తున్నడు. గా డాక్టరు మిషన్ పెట్టి ఆ ఒర్రుడు కొలిచిండు. ఇప్పుడు సేటుకు పిచ్చి లేసిందా, సాంచ ఆగినందుకు ఒర్రుతున్నడా, ఎట్ల తెలుస్తది? సాంచ నడ్వనియ్యాలె. నడుస్తుంటె గుడ ఒర్రితె అప్పుడు పిచ్చి అన్నట్టు."

"గిట్ల జెప్తే ఎవలకు అర్థం గాదు?" అంది అత్తమ్మ, నా వైపు చూసి. "దీనికి కప్పలను కోసుడెందుకు?"

ఈసారి రెండు వారాలు అన్నారు డాక్టరు. ఎర్రది, పసుపుపచ్చది రెండూ బంద్. మంటకు గులాబీ రంగు మాత్ర. చివరి రెండు రోజులు అది కూడా లేదు, తెల్ల సిరప్ ఒక్కటే. పాత పుండు ఉంది కాబట్టి జాగ్రత్త, నల్లగా విరేచనమైనా, వాంతిలో రక్తం కనపడినా ఏ వేళైనా సరే ఫోన్ చెయ్యమన్నారు. ఈ చివరి మాట ఆయన ఎవరితో అంటున్నారో ఆయనకు తెలియదు. నేను బాత్‌రూమ్ తలుపు బయట కాపలా ఉండటం మొదలుపెట్టాను.

"అత్తమ్మా, ఏ రంగు?"

"ఓరి దేవుడా! నా దొడ్డికి గుడ పహరానా! ఆవాల పొడి రంగు, రాస్కో."

నేను నిజంగానే రాసుకున్నాను. ఆ నోటుబుక్కు ఇంకా ఉంది.

మొదటి వారం నెట్టుకొచ్చింది. రెండో వారంలో, ఇన్నేళ్లు మూసిపెట్టిన మంట ఒక్కసారి పైకి లేచినట్టయింది. పడుకుంటే గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తున్నాయని గోడకు ఆనుకుని కూర్చునే కునికేది. చల్లటి పాలు తప్ప ఏదీ ఒంటబట్టలేదు. పనికి కూర్చున్నా చెయ్యి కత్తెర మీద కాక ఛాతీ మీదే ఉండేది. మామయ్య టీవీ ముందు కూర్చుని టీవీ చూడకుండా ఆమెనే చూసేవారు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవాళ్లు కాదు. అలా ఉండటం నాకు ఇంకా భయంగా ఉండేది. వాళ్లు పోట్లాడుకునే ఇంట్లోకి కోడలిగా వచ్చినదాన్ని నేను.

పదమూడో రోజు మధ్యాహ్నం ఆమె ముఖం బూడిదలా అయింది. కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టింది. నేను ఇక ఉండలేక, బీరువాలోంచి పసుపుపచ్చ స్ట్రిప్పు తీసి, నీళ్ల గ్లాసుతో పక్కన కూర్చున్నాను.

"వద్దు అత్తమ్మా. పరీక్ష గిరీక్ష ఏమొద్దు. ఏసుకోండి."

ఆమె కళ్లు తెరిచి గ్లాసు తీసుకుని, నీళ్లు ఒక గుక్క తాగి, క్యాప్సూల్ నా చేతిలోనే ఉంచి నా వేళ్లు మూసేసింది.

"పదమూడు దినాలు ఆగిన. ఒక్క దినం ఆగనా? మళ్ల మొదటికెల్లి చేపిస్తవా నాతోటి?" అంది. గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండా, "గడ్డ ఉంటె ఉన్నదని తెల్వనియ్యి బిడ్డా. లేకుంటె లేదని తెల్వనియ్యి. నువ్వు బాత్‌రూముల ఫోన్ పట్కోని ఏడ్సుడు నాకు ఇనబడదనుకున్నవా?" అంది.

ఆమెకు అంతా ముందే తెలుసన్నమాట. ఇంగువ డబ్బా, బనియన్ సైజు అందుకే చెప్పింది. నేను క్యాప్సూల్‌ను స్ట్రిప్పులో వెనక్కి దూర్చడానికి ప్రయత్నించాను. అది దూరదు కదా. ఆమెకు ఆ మంటలోనే నవ్వొచ్చింది.

మరునాటి పొద్దున మళ్లీ తెల్ల సూటు, మళ్లీ ఐసు పెట్టె. సూది గుచ్చుతుంటే అత్తమ్మ ఆవిడతో గుజరాతీలో, "బెన్, ఈసారి నిజం రక్తం ఇస్తున్న" అంది. ఆవిడ వెళ్లీ వెళ్లకముందే డాక్టరు ఒప్పుకున్న ప్రకారం పసుపుపచ్చది వేసుకుంది.

ఆరు రోజులు పట్టింది. రిపోర్టు వచ్చినప్పుడు నేను ఫోన్ తెరవలేకపోయాను. మా ఆయనకు ఇచ్చాను. ఆయన మామయ్యకు ఇచ్చాడు. కళ్లద్దాలు లేవని మామయ్య తిరిగి నాకే ఇచ్చారు. చివరికి నేనే చదివాను. ఎనభై ఎనిమిది. హద్దు లోపలే.

"అంటే ఏంది?" అంది అత్తమ్మ.

"సాంచ నడుస్తున్నది, సేటు ఒర్రుతలేడు" అన్నారు మామయ్య. అని, చెంబు తీసుకుని చేతులు కడుక్కునే నెపంతో బయటికి వెళ్లి, చాలాసేపు కడుక్కున్నారు.

అయితే డాక్టరు మమ్మల్ని అంత తొందరగా వదల్లేదు. హార్మోన్ బాగుంది, స్కాన్ అక్కర్లేదు. మరి పుండు ఎందుకు తిరగబెట్టింది? విరేచనాలు ఎందుకు? ఆ సాయంత్రం మళ్లీ వీడియోలో కూర్చున్నాం. ఆయన మొదటే నా వైపు వేలు చూపించారు. "మీరు మాట్లాడొద్దు. మాసీ చెబుతుంది. మాసీ, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా నోట్లో వేసుకునేవి అన్నీ చెప్పు. మందు అయినా, కాకపోయినా."

అత్తమ్మ కొంగు సర్దుకుంది. ఇంతకాలానికి సరైన ప్రశ్న అడిగినవాడు దొరికాడన్నట్టు మొదలుపెట్టింది. ఆమె హిందీలో చెప్పినదాన్ని నా మాటల్లో రాస్తున్నాను. పొద్దున ఎర్రది, ఇప్పుడు మానేసింది. చాయ్. వాము నీళ్లు. కత్తిరింపుకు కూర్చునే ముందు మోకాళ్లకు నీలంది ఒకటి, లేచాక ఇంకొకటి.

"ఆగు మాసీ. నీలంది రోజూనా? పరీక్షకు ఆపిన రోజుల్లో కూడా?"

"అది మోకాళ్లది గదా. కడుపుది గాదు."

ఆయన నుదురు రుద్దుకున్నారు. నొప్పి తగ్గించే ఆ మాత్రే కడుపు లోపల పొరను తినేస్తుందని, తిండి లేకుండా వేసుకుంటే మరీనని చెప్పారు. పుండు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలిసిపోయింది. నేను మామయ్య వైపు చూసి, ఇంత చిన్న విషయం ఎవరికీ తట్టలేదా అన్నట్టు ముఖం పెట్టాను. ఆ ముఖం ఎక్కువసేపు నిలవలేదు.

"ఇంకా?"

"ఇంకేం లేవు సాబ్. నా కోడలు ఇచ్చేటివే. నా కోడలు బంగారం. మూడు పూటల మర్వకుంట నా చేతుల పెడ్తది. నారింజకాయ రుచి ఉంటయి."

"అవేమిటి?" ఆయన కళ్లు నా మీదికి వచ్చాయి.

సీసా తెచ్చి కెమెరా ముందు పెట్టాను. విటమిన్ సి. దాని పక్కన జింకు. సీసా మీద రోజుకొకటి అని ఉంది. ఒకటితో కరోనా ఆగుతుందా అని నేనే మూడు చేశాను. ఇంట్లో అందరికీ. మిగతావాళ్లు చప్పరించినట్టు నటించి నా వెనకాల పారేశారని తర్వాత తెలిసింది. మా అత్తమ్మ ఒక్కతే ఏడాది పొడుగునా, ఒక్క పూట తప్పకుండా తిన్నది.

"ఇంత మోతాదుకు కొందరికి విరేచనాలవుతాయి" అన్నారు డాక్టరు. "మందులేమీ లేవని నాతో చెప్పింది మీరే కదూ? ఏం చదివారు మీరు?"

"బీఎస్సీ" అన్నాను.

వెనక నుంచి మా ఆయన, "ఫస్ట్ క్లాస్ సాబ్" అన్నాడు. పదో తరగతి సంగతి బయటపడినప్పటి నుంచి అతను ఈ అవకాశం కోసమే చూస్తున్నాడు.

నారింజ గోలీలు ఆపిన వారానికి విరేచనాలు ఆగాయి. నీలంది మానేసి, పసుపుపచ్చది డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాక పుండు మానింది. ఊరు తేరుకున్నాక మూడోసారి గొట్టం వేసి చూశారు, మచ్చ మాత్రమే ఉందన్నారు. మోకాళ్లకు ఇప్పుడు నువ్వుల నూనె, ఒక ఎత్తు పీట. దారాలు కత్తిరించే ఆడవాళ్లందరిలోకీ తానే పైన కూర్చుంటున్నానని అత్తమ్మకు లోలోపల గర్వం.

నిన్న ఆమె ఐదు జాకెట్లు తెచ్చి నా ఒళ్లో పడేసింది. "పక్క కుట్లు ఇప్పు బిడ్డా, ఊపిరాడ్తలేదు" అంది. చిక్కిపోయినప్పుడు జారిపోతున్నాయని వాటికి రెండు వైపులా లోపలికి కుట్లు వేసింది నేనే. ఒక్కో కుట్టు వేస్తున్నప్పుడు ఇది ఇంకెంత లోపలికి పోతుందో అనుకున్నది గుర్తుంది. ఇవాళ పాప పడుకున్నాక మూడు విప్పాను. ఒకదానికైతే మొదట దర్జీ వదిలిన మడత కూడా విప్పాల్సి వచ్చింది. తెగిన దారం ముక్కలన్నీ నేల మీద తడిమి తడిమి ఏరి, కాగితంలో చుట్టి పైన పెట్టాను. పొద్దున నాకంటే ముందు పాపే లేస్తుంది. ఇంకా రెండు జాకెట్లున్నాయి.